తప్పుల్లేని నోటుబుక్కులు

నేను చుట్టీ మీద ఇంటికొచ్చిన మూడో రోజు సాయంత్రం మా బిడ్డ బడి నుంచి లెక్కల పేపరు తెచ్చింది. ఎనభైకి పందొమ్మిది. పాసు కావాలంటే ఇరవై ఎనిమిది రావాలి. పదో తరగతి అసలు పరీక్షలకు ఇంకా ముప్పై ఆరు రోజులున్నాయి. నా సెలవు ఇరవై ఏడు రోజులే మిగిలింది.

పేపరు తను నా చేతికివ్వలేదు. టీవీ కింద పెట్టి బావి దగ్గరికి వెళ్లిపోయింది. వాళ్లమ్మ బీడీల చాట పక్కకు జరిపి, లేచి, ఆ పేపరు తెచ్చి నా ముందు పెట్టింది.  మా ఇంట్లో కోపం నా వంతు, మౌనం ఆమె వంతు.

నిజానికి నాకు మొదట కోపం రాలేదు. నమ్మబుద్ధి కాలేదంతే. ఎందుకంటే ఆ పిల్ల చదవడం రెండేళ్లుగా రోజూ నా కళ్లతో నేను చూశాను. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లవాళ్లకు ఈ మాట చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. నేను బహ్రెయిన్‌లో పెయింటింగ్ పని చేస్తాను. సాయంత్రం ఐదింటికి క్యాంపు గదికి చేరతాం. అప్పటికి మా ఊళ్లో ఏడున్నర. స్నానాలు చేసి, ఎవరి మంచం మీద వాళ్లం పడుకుని ఇంటికి వీడియో కాల్ కలుపుకుంటాం. చెప్పుకునే ముచ్చట్లు పది నిమిషాల్లో అయిపోతాయి. అయినా ఎవరూ ఫోన్ పెట్టేయరు. ఇంటివాళ్లు ఫోన్‌ని గోడకో బియ్యం డబ్బాకో ఆనించి తమ పని తాము చేసుకుంటారు, ఇక్కడ మనిషి పడుకుని చూస్తూ ఉంటాడు. మా గదిలో ఒకాయన భార్య రొట్టెలు చేస్తుంటే చూస్తాడు. ఇంకొకాయన ఖాళీ వాకిలి చూస్తాడు, గంటకోసారి వాళ్లమ్మ అందులోంచి నడిచి వెళుతుంది. నేను మా బిడ్డ చదవడం చూసేవాణ్ని.

రెండు గంటలు. ముందు చిన్న బల్ల, బల్ల మీద పుస్తకం, పక్కన పెద్ద నోటుబుక్కు. తల వంచుకుని రాస్తూనే ఉండేది. పెన్ను ఆగేది కాదు. ఎప్పుడైనా ఆగి తలెత్తిందా, "ఏమైంది బిడ్డ, అస్తలేదా?" అని అడిగేవాణ్ని. "ఏం లేదు బాపు" అని మళ్లీ రాయడం మొదలుపెట్టేది. నాతోటివాళ్లకు ఆ ఫోన్ తిప్పి చూపించి, మా పిల్ల చూడండి ఎట్లా రాస్తుందో అని ఎన్నిసార్లు గొప్పలు పోయానో లెక్కలేదు. ఎండలో పొద్దంతా గోడలకు రంగులేసిన చేతులు అది చూస్తే నొప్పి మరిచిపోయేవి. మరి అంత చదివిన పిల్లకు పందొమ్మిదేమిటి?

మర్నాడు పొద్దున్నే బడికి పోయాను. పేపరు దిద్దడంలోనే ఏదో తేడా ఉందని నా అనుమానం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం నేను. అక్కడ లెక్కల మేడం గట్టిగా మాట్లాడనివ్వకుండా పేపరు తెరిచి చూపించింది. ఏడు ప్రశ్నలకు నంబరు వేసి కింద ఖాళీగా వదిలేసింది మా పిల్ల. ఉన్న లెక్క ఉన్నట్టు ఇస్తే ముత్యాల్లా రాస్తుందట, అంకెలు మార్చి ఇస్తే చెయ్యి కదలదట. తనకు తరగతిలో యాభై మంది ఉన్నారనీ, ఎవరైనా దగ్గర కూర్చోబెట్టుకుని చెబితే ఈ నెల రోజుల్లో గట్టెక్కవచ్చనీ చెప్పింది. ఆ మాటతో మా ఇంట్లో ట్యూషన్ రగడ మొదలైంది.

మా ఆవిడకు ఇష్టం లేదు. ఇల్లు కాలంగ బావి తవ్వుడెందుకు, పిల్లను ఇంకా బెదరగొట్టుడు కాకపోతే అంది. సిరిసిల్లలో ఉండే మా బావమరిదికి ఫోన్ చేస్తే వాడు ఇంకో దారి చెప్పాడు. వాడికి అక్కడ మరమగ్గాల షెడ్డు ఉంది, నోరు కూడా ఆ మగ్గంలాగే ఆడుతుంది. జగిత్యాలలో పదో తరగతి పిల్లల కోసమే ఒక హాస్టల్ ఉందట. పరీక్షలయ్యేదాకా అక్కడే తిండి, అక్కడే చదువు, పొద్దున ఐదింటికి లేపుతారట. పోయినేడు వాళ్ల కొడుకు అక్కడుండే గట్టెక్కాడట. నాకేమో మొదట ఆ హాస్టల్ నచ్చలేదు. రెండేళ్ల తరువాత వచ్చి పిల్లను చూడకుండా ఎలా ఉంటాను? మేడిపల్లి పక్కన మా ఊరు, కోరుట్ల బండి మీద అరగంట. అక్కడ రిటైరైన లెక్కల సారొకాయన ఇంటి దగ్గర చెబుతాడని విన్నాను. రోజూ తీసుకెళ్లి తీసుకొస్తే సరిపోతుంది అనుకున్నాను.

ఆ సారు దగ్గరికి ఒట్టి చేతులతో పోలేదు. మా బిడ్డ నోటుబుక్కులు నాలుగు సంచిలో పెట్టుకుని పోయాను. పిల్ల ఎంత కష్టపడుతుందో చూస్తే ఆయనే ఒప్పుకుంటాడని నా ధీమా. సారు వాకిట్లో మంచం మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాడు. పరీక్షలకు నెల ముందొస్తే నేనేం మంత్రం వేయాలయ్యా అని మొదటే విసుక్కున్నాడు. అయినా చేతులు తుడుచుకుని పుస్తకాలు తీసుకున్నాడు. ఒకటి తిరగేశాడు, రెండోది తిరగేశాడు. నాలుగూ అయ్యాక కళ్లద్దాలు తీసి నావైపు చూశాడు.

"గీ పిల్ల రెండేండ్లల్ల ఒక్క తప్పు గూడ చెయ్యలే. తప్పు చెయ్యని పిల్లకు పందొమ్మిది ఎట్ల అచ్చినయ్?"

 చిత్తు పుస్తకం ఎక్కడ అని అడిగాడు. కొట్టివేతలుండేది, చెయ్యి తిరగక ముందు రాసుకునేది. మా బిడ్డ కొట్టివేయదు సార్ అన్నాను, గర్వంగానే అన్నాను. ఆయన పుస్తకాలు మళ్లీ సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు.

"గట్లయితే గీ లెక్కలు ఎవ్వలు చేస్తున్నరో కనుక్కొని రా. అప్పుడు జూద్దాం ట్యూషన్."

కోరుట్ల నుంచి ఊరికి బండి ఎలా నడిపానో తెలియదు. ఎవరు చేస్తున్నారు? స్నేహితురాలెవరైనా రాసిస్తోందా? ఫోన్‌లో చూసి ఎక్కించుకుంటోందా? ఇంకా పాడు ఆలోచనలు కూడా వచ్చాయి, అవి ఇక్కడ రాయలేను. ఇంటికి వచ్చేసరికి పిల్ల బడిలోనే ఉంది. తన సంచులు, పెట్టె, మంచం కింద, అలమర వెనక, అన్నీ వెతికాను. మా ఆవిడ బీడీలు చుట్టడం ఆపి చూస్తూ కూర్చుంది. చివరికి బీడీలు చుట్టే తునికాకు కట్టల వెనక దొరికింది. లెక్కల పుస్తకం అట్ట వేసుకుని ఉంది, తెరిస్తే లోపల గైడు. ప్రతి లెక్కా మొదటి నుంచి చివరిదాకా చేసిపెట్టిన గైడు. అసలు పుస్తకం అట్ట లేకుండా తన పెట్టె అడుగున ఉంది. ఫోన్‌లో బల్ల మీద ఈ ఏడాదంతా నేను చూసిన అట్ట ఇదే. ఆ మూలన చిన్న నూనె మరక కూడా నాకు బాగా గుర్తుంది.

పిల్ల బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కోక ముందే ఆ గైడు తన ముందు పడేశాను. అరిచాను. అక్కడ నా రక్తం నీళ్లవుతుంటే ఇక్కడ నువ్వు నాతో ఆటలాడుతున్నావా అన్నాను. ఎందుకు చేశావంటే నేల చూపులు చూసింది. అది నన్ను ఇంకా రెచ్చగొట్టింది. చెయ్యెత్తాను. దించేశాను, కానీ ఎత్తినందుకు ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంది.

"కొట్టు మరి" అంది మా ఆవిడ. "రెండేండ్లకు ఒకపాలి అచ్చుడు గిందుకే గదా."

ఆ మాటకు చల్లబడాల్సింది పోయి మొండికెత్తాను. సిరిసిల్లకు ఫోన్ చేసి, ఆ హాస్టల్‌లో సీటు చూడమని చెప్పాను. ట్యూషన్ లేదు, సారూ లేడు, ఫోన్లు గుంజుకుని తలుపులు వేసి చదివించేవాళ్లే ఈ పిల్లకు సరి అనుకున్నాను. బావమరిది ఎగిరి గంతేసినంత పని చేశాడు. మరుసటి రోజు వాడు సిరిసిల్ల నుంచి నేరుగా జగిత్యాలకు వస్తానన్నాడు. మా ఆవిడ రాత్రి వంట చేస్తూ పెట్టె సర్దింది. దుప్పటి, సబ్బులు, పచ్చడి డబ్బా. 

పొద్దున మేడిపల్లిలో బస్సెక్కాం. పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ఊళ్లు దాటిపోతున్నాయి, పసుపు తవ్విన చేన్లు, పచ్చగా వరి మళ్లు. సగం దారిలో మెల్లగా అడిగింది.

"నువ్వు పోయేదాంక నన్ను ఇంట్ల ఉండనియ్యవా బాపు?"

 అయినా బింకం వదల్లేదు. నా సంగతి వదిలిపెట్టి నీ సంగతి చూసుకో అన్నాను. పరీక్ష తప్పితే సంవత్సరం పోతుంది, ఆ సంవత్సరం మళ్లీ రాదు, అప్పుడు బాపు గుర్తుకు వచ్చి ఏం లాభం అని ఏదేదో చెప్పాను. తను మళ్లీ కిటికీ వైపు తిరిగింది. టికెట్టును మడిచి మడిచి వేలి గోరంత చేసింది.

హాస్టల్ మూడంతస్తుల భవనం. కింద ఆఫీసు, పైన చదువుకునే హాలు, ఆ పైన పడకలు. బావమరిది మాకంటే ముందే వచ్చి మేనేజరుతో దోస్తీ కట్టేశాడు. మేనేజరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. టైమ్ టేబుల్ చూపించాడు, పోయినేటి పిల్లల ఫొటోలు చూపించాడు. ఆఖరుకు అసలు సరుకు బయటికి తీసినట్టు తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. పై హాలులో నాలుగు మూలలా కెమెరాలున్నాయి. తండ్రులు ఏ దేశంలో ఉన్నా సరే, తమ పిల్ల చదవడం ఎప్పుడంటే అప్పుడు ఫోన్‌లో చూసుకోవచ్చు.

చెప్పడానికి మొహమాటమేం లేదు, నాకు ప్రాణం లేచొచ్చింది. నేను అక్కడికి పోయాక కూడా రోజూ చూడొచ్చన్నమాట. మోసానికి తావు లేదు. బావమరిది నా భుజం మీద చెయ్యి వేసి, ఇక ఆడ పండుకొని నిమ్మలంగా చూసుకో బావ అన్నాడు. మేనేజరు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చూపించాడు. వరసల్లో ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. ఒక పిల్ల పెన్ను బుగ్గకు ఆనించుకుని ఎటో చూస్తోంది. చూస్తూ చూస్తూ తలెత్తింది, కెమెరా కంటపడింది. చటుక్కున వంగి గబగబా రాయడం మొదలుపెట్టింది.

మా బిడ్డ నా కుర్చీ వెనక నిలబడి అది చూసింది. నా చొక్కా చెయ్యి పట్టి లాగింది.

"బాపు, ఒక్కసారి బయటికి రా."

బయట మెట్ల దగ్గర చెప్పులన్నీ విడిచి ఉన్నాయి. వాటి మధ్య నిలబడి, నా మొహం చూడకుండా చెప్పింది.

"నేను ఈడనే ఉంట. కని నువ్వు గా ఫోన్ల నన్ను చూడకు."

ఎందుకు అన్నాను. గొంతులో కోపం ఇంకా ఉంది.

"నువ్వు చూస్తుంటే నేను ఒక్కనాడు గూడ చదువలే బాపు. రాసిన. లెక్క రాక ఆగితే, అస్తలేదా అని అడుగుతవ్ గదా. రాలేదంటే నీ మొకం ఎట్లనో అయితది. ఆడ ఎండల పని చేసి అచ్చి పండుకుంటవ్. నన్ను చూసి నీకు నిద్ర వట్టాలె గదా. గైడుల చూసి రాస్తే పెన్ను ఆగది."

మరి చదువుకునేది ఎప్పుడు అని అడిగాను. నువ్వు ఫోన్ పెట్టేసినంక నిద్రస్తది అంది.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. మొదట నా బుద్ధి వేరే పోయింది, ఇదంతా హాస్టల్ తప్పించుకోవడానికే అని అనుకోబోయాను. కానీ ఇక్కడే ఉంటానని తనే అంది కదా. తను అడుగుతున్నది ఒక్కటే, నేను చూడకూడదని. ఎనిమిదో తరగతి అయ్యేదాకా లెక్కల్లో బాగానే ఉండేది. నేను కొత్త ఫోన్ పంపి, రోజూ కాల్ పెట్టుకోవడం మొదలుపెట్టింది ఆ తరువాతే. నా కంటికి కూతురు కనపడుతోందని మురిసిపోయిన ఆ సాయంత్రాలన్నిట్లో ఆ పిల్ల నాకు కాపలా కాస్తూ కూర్చుంది. నా నిద్ర కోసం తన చదువు పోగొట్టుకుంది. చెప్పుల మధ్య కూర్చుని ఏడ్చాను. ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు. తను నా పక్కన కూర్చుని, పోనీ తియ్యి బాపు అని నా వీపు నిమిరింది.

బావమరిది బయటికి వచ్చి మమ్మల్ని చూసి బిత్తరపోయాడు. సంగతి చెబితే కొట్టిపారేశాడు. పిల్లల మాటలు పట్టుకుంటే అయినట్టే, నలుగురు చూస్తుంటేనే ఎవరైనా చదివేది, తన కొడుకు అట్లా చదివిందేగా అన్నాడు. వాడి మాట వాడికి నిజమే కావచ్చు. రేపు ఫెయిలైతే నన్ననద్దు అని కూడా అన్నాడు. అననని చెప్పి, పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండుకు నడిచాం. బస్సు ఎక్కాక భయం పట్టుకుంది. ముప్పై ఆరులో నాలుగు రోజులు నా ఆవేశానికే పోయాయి. ఆ కెమెరాల కింద పిల్లను ఉంచబుద్ధి కాక హాస్టల్ వద్దనుకున్నాను. సారు ఒప్పుకుంటాడో లేదో తెలియదు. ఒప్పుకున్నా ఇన్ని తక్కువ రోజుల్లో రెండేళ్ల లెక్కలు వస్తాయా? దారి పొడుగునా అదే ఆలోచన.

ఇంట్లో మా ఆవిడ పెట్టె చూసి తలుపు తీసింది. పిల్ల స్నానానికి పోయాక, గైడు సంగతి నీకు ముందే తెలుసా అని అడిగాను. గొడవ పడదామని కాదు, ఆ ఓపిక కూడా లేదు. గైడు తానే కొనిచ్చానని చెప్పింది. ఒకసారి పిల్ల లెక్క రాక కళ్లనీళ్లు పెట్టుకుంటే ఫోన్‌లో చూసి నేను ఆ రాత్రి అన్నం తినలేదట. నా గదివాళ్లు చెబితే ఆమెకు తెలిసిందట.

"దూరముంటవ్. నీకు మంచిదే కనవడాలె అనుకున్న" అంది. "నేనే జెప్పిన దానికి, బాపు ముంగట ఆగకు అని."

ఏమని తిట్టను? ముగ్గురం కలిసి ఒకరి మంచి కోసం ఒకరం చేసిన పని ఇది. తప్పు ఎవరిదని తేల్చుకోవడానికి మాకు టైము కూడా లేదు. పిల్ల జుట్టు ఆరకముందే బండెక్కించుకుని కోరుట్ల పోయాను.

సారు ఈసారి పేపరు చదువుకుంటున్నాడు. లెక్కలు చేస్తున్నది ఎవరో దొరికిండా అని తలెత్తకుండానే అడిగాడు. నేనే సార్ అన్నాను. అప్పుడు తలెత్తాడు. అంతా చెప్పాను, గైడు, ఫోన్, నేను ఎత్తిన చెయ్యి, హాస్టల్, ఏదీ దాచలేదు. ఆయన నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. పిల్ల వైపు తిరిగి, తొమ్మిదో తరగతి లెక్కొకటి చెప్పి చెయ్యమని కాగితమిచ్చాడు. పిల్ల పెన్ను పట్టుకుని నావైపు చూసింది. సారు కూడా చూశాడు.

"నువ్వు గీడికెళ్లి పోవయ్యా. సందు చివర చాయ హోటల్ ఉన్నది. రోజూ గాడనే కూసో. పాసైతదో లేదో నేను జెప్ప. ఆదివారం గూడ తోల్కరావాలె."

అలా ట్యూషన్ కుదిరింది. కుదిరింది కానీ నాకు నెమ్మది లేదు. బడి అయ్యాక ఆరింటికి దింపడం, చాయ హోటల్లో కూర్చోవడం, ఎనిమిదింటికి ఎక్కించుకోవడం. తిరుగు దారిలో, ఎన్ని వచ్చాయి బిడ్డ అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేవాణ్ని. మొదటి వారం తను దారంతా ముక్కు ఎగబీల్చుకుంటూనే వచ్చింది. పదో తరగతి లెక్కలు మొదలే పెట్టలేదని, ఇంకా వెనకటి తరగతుల దగ్గరే ఉన్నామని మూడో రోజు చెప్పింది.  పదో రోజున సారు పరీక్ష పెడితే ఇరవై ఒకటి వచ్చింది. పది రోజుల కష్టానికి రెండు మార్కులు పెరిగాయి. ఆ సాయంత్రం చాయ హోటల్ బయట నిలబడి జగిత్యాల మేనేజరు నంబరు తీశాను. సీటు ఇంకా ఉందేమో అడుగుదామని. సారు ఇంటివైపు చూస్తే గుమ్మంలో మా బిడ్డ చెప్పులు కనపడ్డాయి. నొక్కలేకపోయాను. కానీ నొక్కకపోవడం తప్పేమో అన్న భయం మాత్రం నేను విమానమెక్కేదాకా వదల్లేదు.

బయలుదేరే రోజు సారుకు దండం పెట్టడానికి పోయాను. ఎట్లుంది సార్ అంటే, ఇప్పుడు తప్పులు చేస్తున్నది అన్నాడు. అది మంచిదో చెడ్డదో అడిగే ధైర్యం లేకపోయింది. ఇక ట్యూషన్‌కు పిల్ల వెంట తాను ఆటోలో వెళ్తానని మా ఆవిడ చెప్పింది. మా ఇంటి గేటు దగ్గర పిల్ల ఏడవలేదు, నేనే ఏదో గొణిగి పెట్టె ఎత్తుకున్నాను.

బహ్రెయిన్‌లో సాయంత్రం ఐదవగానే గదిలో అందరి ఫోన్లూ వెలిగేవి. నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ని. పిల్ల అన్నం తినే వేళకు ఐదు నిమిషాలు మామూలు కాల్ చేసేవాణ్ని, ముఖం కనపడని కాల్. చదువు మాట ఎత్తేవాణ్ని కాదు. గదివాళ్లు ఇంట్లో ఏమైనా గొడవా అని అడిగారు. లేదన్నాను. ఆ రెండు గంటలూ ఏం చేయాలో తోచక ఉతికిన బట్టలే మళ్లీ ఉతుక్కున్నాను. గల్ఫ్‌కొచ్చిన పదకొండేళ్లలో అంత ఒంటరితనం నాకెప్పుడూ తెలియదు. నేను ఇంటిని చూడకపోతే ఇల్లే నన్ను మరిచిపోతుందేమో అని పిచ్చి భయం కూడా వేసింది.

ఫలితాలు తరువాత వచ్చాయి, లెక్కల్లో ముప్పై నాలుగు. బావమరిది ముందు గొప్పలు పోయే మార్కులు కావు, గట్టెక్కే మార్కులు. కానీ నాకు గుర్తుండిపోయింది మాత్రం లెక్కల పరీక్ష రోజు. పొద్దున్నుంచి ఒకే గోడకు రెండుసార్లు ఒకే రంగు వేసి ఫోర్‌మన్ చేత తిట్లు తిన్నాను. మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పుతుండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఎట్ల రాసినవ్ అని అడగబోయి, ఆపుకుని ఊరుకున్నాను.  తరువాత తనే చెప్పింది.

"మూడో లెక్క కాడ ఆగిన బాపు. శానసేపు ఆగిన. పెన్ను కింద వెట్టి గోడ చూసుకుంట కూసున్న. ఎవ్వలు ఏం అడుగలే. గప్పుడు అచ్చింది."

నాకు సంతోషమూ, గుండెలో ఎక్కడో ములుకు దిగినట్టూ, రెండూ ఒకేసారి అయ్యాయి. మంచిగ చేసినవ్ బిడ్డ, పోయి అన్నం తిను అన్నాను. ఆ రోజు ఫోన్ ముందుగా పెట్టేసింది నేనే.